పరిగెల తొట్టి, బోరు నీళ్లు

పరిగెలు బొచ్చెకు, శీలావతికి చుట్టాలే. ఇళ్లలో పెంచే రకాలు మాత్రం బెత్తెడు మించడం అరుదు. ఏదైనా కేసులో పెద్ద తలకాయలు తప్పించుకుని చిన్నవాళ్లు దొరికినప్పుడు పత్రికలు 'పిత్తపరిగెలు' అంటాయి. చేపలకు అది అన్యాయమే. పరిగెల్లో ఒంటి మీద రెండు నల్లచుక్కలుండే టిక్టో బార్బ్, మగది ఎర్రబారే రోజీ బార్బ్ తొట్టికి బాగా పనికొస్తాయి. ఈ రెండింటినీ ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల మీద రాసిన పుస్తకంలో వర్ణించాడు. చాలాకాలం వీటిని పుంటియస్ అనే ప్రజాతిలో ఉంచారు. బెంగాలీ వాళ్ల 'పుంటి' నుంచి వచ్చిన పేరది. 2012లో పెథియా అనే కొత్త ప్రజాతిలోకి మార్చారు.

అనంతపురంలో చేపను పెంచడం కన్నా నీటిని కాపాడడమే కష్టం. ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లు. రాతిపొరల్లోంచి తోడే బోరు నీళ్లు చాలాచోట్ల గిన్నెకు తెల్లటి పొర కట్టేంత గట్టివి. ఓ మోస్తరు గట్టినీటిని రోజీ బార్బ్ తట్టుకుంటుంది. అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పే గాలే తొట్టి నీటినీ ఆవిరి చేస్తుంది. ఆవిరయ్యేది నీరే, లవణాలు మిగిలిపోతాయి. తగ్గినంత మేరా మళ్లీ బోరు నీళ్లే పోస్తూ పోతే నెల నెలకూ గట్టిదనం పెరుగుతుంది. తగ్గిన మేరకు పట్టి ఉంచిన వాననీరో ఆర్వో నీరో పోయాలి. వారానికోసారి పాతనీరు నాలుగో వంతు తీసి కొత్తది నింపాలి. మొత్తం ఆర్వో నీళ్లే నింపడమూ పొరపాటే, చేపకు ఖనిజాలు కావాలి.

చేపల విసర్జనలోంచి అమ్మోనియా పుడుతుంది. క్షారగుణం, వేడి పెరిగేకొద్దీ దాని విషం పెరుగుతుంది. ఈ సీమలో ఆ రెండూ ఎక్కువే. అమ్మోనియాను తినే బ్యాక్టీరియా కొత్త తొట్టిలో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొట్టి కొన్న సాయంత్రమే చేపలు వదిలేవాళ్లు ఈ లెక్క వినరు. మే నెలలో బయట నలభై డిగ్రీలు దాటినప్పుడు నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకు మాత్రం ఇంకా ఎక్కువ కావాలి. రోజీ బార్బ్‌కు ఇష్టం 18 నుంచి 24 డిగ్రీలు. ఎండ తగలని గది, తక్కువ మేత, కరెంటు పోయినా నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు ఉంటే ఎండాకాలం గట్టెక్కుతుంది.

పరిగె గుంపుచేప. ఆరుకు తక్కువైతే బెదురుతుంది, లేదా పక్కచేపల రెక్కలు కొరుకుతుంది; పొడుగు రెక్కల ఏంజెల్ చేపతో కలపకూడదు. ఆరింటికి 70 లీటర్ల తొట్టి చాలు. గుడ్లను మొక్కల మీద చల్లి, వెంటనే తామే తినేస్తాయి. అడుగున గోళీలు పరిస్తే గుడ్లు సందుల్లోకి జారి దక్కుతాయి. ఒకటిన్నర రోజులో పొదుగుతాయి. పెరిగిన పిల్లలు ఎక్కువైతే మరో పెంపకందారుకు ఇవ్వాలి. చెరువులో వదిలితే తొట్టిలోని రోగాలు అక్కడి పరిగెలకు అంటుకుంటాయి.