ఎగ్మూరు కిర్క్ చెప్పే పాఠం

చెన్నై వెళ్ళిన ఆదివారాల్లో నాకు ఎగ్మూరులోని సెయింట్ ఆండ్రూస్ చర్చిలో ఆరాధనకు కూర్చోవడం ఇష్టం. ఊళ్ళో అందరూ దాన్ని కిర్క్ అంటారు. ఈస్టిండియా కంపెనీ కొలువులకు వచ్చిన స్కాట్లాండు ప్రెస్బిటేరియన్ల కోసం కట్టిన మందిరమిది. బిషప్పులు లేకుండా, పాస్టరూ సంఘ పెద్దలూ కలిసి సంఘాన్ని నడుపుకోవడం వాళ్ళ పద్ధతి. ఇప్పుడీ చర్చి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సి.ఎస్.ఐ.)లో భాగం.

1818లో శంకుస్థాపన జరిగింది, 1821లో ఆరాధనలు మొదలయ్యాయి. అది చిత్తడి నేల. మామూలు పునాది నిలవదని ఇంజనీరు థామస్ డి హావిలాండ్ కాల్చిన మట్టి వరలతో బావులు దించి, వాటి మీద కట్టడం లేపాడు. గుండ్రని మందిరం, చుట్టూ స్తంభాలు, పైన నీలి గుమ్మటం నిండా నక్షత్రాలు. ఎక్కడ కూర్చున్నా అందరిలో ఒకరిగానే ఉంటాం.

అయితే ఈ సంఘం మీద నా గౌరవానికి కారణం కట్టడం కాదు, ఒక బడి. 1835లో కిర్క్ పాస్టర్లు ఎగ్మూరులో చిన్న పాఠశాల పెట్టారు. 1837లో స్కాట్లాండు నుంచి వచ్చిన జాన్ ఆండర్సన్ దాని బాధ్యత తీసుకున్నారు. మరుసటి ఏడాదే కొందరు దళిత పిల్లలు అందులో చేరినట్టు బయటపడింది. వాళ్ళను పంపించేయాలని అగ్రకులాల వాళ్ళు పట్టుబట్టారు. ఆండర్సన్ ఒప్పుకోలేదు. చాలామంది బడి మానేశారు. బెంచీలు ఖాళీ అయినా ఆయన మాట మార్చలేదు. ఆ బడే పెరిగి మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ అయింది. మన సర్వేపల్లి రాధాకృష్ణన్ తత్త్వశాస్త్రం చదువుకున్నది అక్కడే.

చర్చి గుమ్మంలో నిలబడి వచ్చేవాళ్ళతో నవ్వుతూ చేయి కలపడం మంచి అలవాటే. కానీ ఒకరిని రానిచ్చినందుకు పదిమంది లేచిపోతుంటే ఏం చేస్తామన్నదే అసలు పరీక్ష. ఆ పరీక్ష మన ఊళ్ళ చర్చిలకూ గుళ్ళకూ బళ్ళకూ ఇంకా ఉంది. దళితవాడ చర్చి వేరుగా, తక్కినవాళ్ళ చర్చి వేరుగా ఉన్న ఊళ్ళు మనకు తెలియనివి కావు.

సంఘ పెద్దలకు నా విన్నపం ఒక్కటే: కానుకల లెక్క చూసే సమావేశంలోనే, మన గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగినవాళ్ళు ఎవరో, ఎందుకు వెళ్ళిపోయారో కూడా అడగండి.