ఆసనానికి ముందున్న మెట్లు

పతంజలి యోగసూత్రాలను తెలుగు తాత్పర్యంతో చదివాను. దాదాపు 195 సూత్రాల్లో ఆసనం గురించి ప్రత్యేకంగా చెప్పినవి మూడే! ఎనిమిది అంగాల్లో అది మూడోది. ముందు యమం, నియమం ఉన్నాయి. అహింస, సత్యం, అస్తేయం (దొంగిలించకపోవడం), బ్రహ్మచర్యం, అపరిగ్రహం – ఈ ఐదూ యమాలు. ఏటా జూన్ 21న మనం చాపల మీద ఎక్కువగా చేసేది ఈ మూడో మెట్టే.

నాకు నచ్చింది పతంజలి పట్టుదల. జాతి, చోటు, కాలం, సందర్భం ఏదైనా యమాలకు మినహాయింపు లేదంటాడు. పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాసి, ‘ఈ ఒక్కసారికే కదా’ అంటే కుదరదన్నమాట.

ఇబ్బంది కూడా ఇక్కడే ఉంది. నిజం చెబితే ఎదుటివారికి కీడు జరిగితే? సూత్రాల్లో జవాబు దొరకలేదు. వ్యాసభాష్యంలో దొరికింది. ప్రాణులకు హాని చేసే మాట సత్యం అనిపించుకోదు, బాగా ఆలోచించి అందరికీ మేలయ్యే నిజమే చెప్పాలి అని దాని భావం. భాష్యం వదిలేసి ఒట్టి సూత్రం పట్టుకుంటే, స్నేహితుడి రహస్యం నలుగురిలో బయటపెట్టి ‘నిజమే చెప్పాగా’ అనే ప్రమాదం ఉంది.

బడిలో ఆసనాలు నేర్పడం మంచిదే. వారానికొక యమం గురించి క్లాసులో మాట్లాడుకుంటే యోగం ఒంటికే కాదు, నడతకూ పనికొస్తుంది.