“నిషిద్ధ” కృష్ణబిలాలు: రెండు వాదాల తూకం

2023 నవంబరు 23న అమెరికాలోని హాన్‌ఫర్డ్, లివింగ్‌స్టన్ వేధశాలలు సెకనులో పదోవంతు సేపు ఒక గురుత్వ తరంగాన్ని గుర్తించినవి. సూర్యునికి సుమారు 100 రెట్లు, 140 రెట్లు ద్రవ్యరాశి గల రెండు కృష్ణబిలాలు కలిసి, సుమారు 225 రెట్లు గల ఒక్కటిగా మారినవని 2025 జూలైలో ప్రకటించారు. తగ్గిన ద్రవ్యరాశి తరంగాల శక్తిగా వెలువడినది. రెండూ మహావేగంతో తమ చుట్టూ తాము తిరిగినవే. సిద్ధాంతం అనుమతించే గరిష్ఠ భ్రమణంలో బరువైనది సుమారు 90 శాతం, రెండవది 80 శాతం.

ఇట్టివి నక్షత్రాల నుండి పుట్టరాదని అంతవరకు అనుకున్నారు. కారణమేమి? మిక్కిలి బరువైన నక్షత్రపు గర్భంలో వేడి ఎక్కువై, తీక్ష్ణమైన కాంతి ఎలక్ట్రాన్–పాజిట్రాన్ జంటలుగా మారుతుంది. నక్షత్రాన్ని నిలబెట్టే కాంతి పీడనం తగ్గుతుంది. గర్భం కుంగి, అందులోని ఆక్సిజన్ ఒక్కసారిగా మండి, నక్షత్రమంతా చెదరిపోతుంది. కనుక సుమారు 60 నుండి 130 సౌర ద్రవ్యరాశుల మధ్య కృష్ణబిలాలు ఉండవని లెక్క. అంతకు మించిన గర్భమైతే పేలుడుకు లొంగక, మొత్తంగా కూలిపోతుంది.

మొదటి వాదం ప్రకారం ఇవి నక్షత్రాల సంతానం కావు. చిన్న కృష్ణబిలాలు కలిసి ఏర్పడినవి. ద్రవ్యరాశి లెక్క ఇందులో సులభంగా కుదురుతుంది. భ్రమణం వద్దనే చిక్కు. సమానమైన, భ్రమణం లేని రెండు కృష్ణబిలాలు కలిస్తే ఫలితానికి గరిష్ఠంలో 70 శాతం భ్రమణం వస్తుంది. 90 శాతం రావాలంటే తల్లి బిలాలు అనుకూల దిశలో ముందే తిరుగుతూ ఉండాలి. నక్షత్ర గుచ్ఛాలలో దిశలు చెదరుమదురుగా ఉంటాయి. పైగా కలయికలో కలిగే కుదుపు కొత్త బిలాన్ని గుచ్ఛం బయటికే నెట్టవచ్చు.

రెండవ వాదాన్ని 2025లో న్యూయార్క్‌లోని ఫ్లాటైరన్ సంస్థకు చెందిన ఓరె గాట్లీబ్ బృందం ప్రతిపాదించినది. కూలిపోయే నక్షత్రంలో మిగిలినదంతా బిలంలో పడుతుందని వెనుకటి లెక్కలు భావించినవి. నక్షత్రం వేగంగా తిరుగుతుంటే అట్లు జరగదు. బయటి ద్రవ్యం బిలం చుట్టూ చక్రంగా ఏర్పడుతుంది. అయస్కాంత క్షేత్రం అందులో చాలా భాగాన్ని వెలుపలికి విసరివేస్తుంది. ఆ విధంగా నిషిద్ధ సీమకు పైనున్న నక్షత్రం సీమలోపలి బిలాన్ని కనగలదు.

ఇందులోని గుణం స్పష్టమే. ద్రవ్యరాశికి, భ్రమణానికి ఒకే కారణం చూపినది. లోపమూ స్పష్టమే. తొలి భ్రమణం, అయస్కాంత బలం కంప్యూటరు గణనకు ముందుగా ఇచ్చినవే. అంత బరువైన నక్షత్రాలు తమ భ్రమణాన్ని చివరిదాకా నిలుపుకొని, జంటగా మిగలడం ఇంకా నిరూపింపబడవలసి ఉన్నది.

ఐనను ఈ వాదానికి పరీక్షకు నిలబడే గుణం ఉన్నది. అయస్కాంత క్షేత్రం బలమైతే బిలం తేలికగా, మందంగా తిరుగుతుంది. బలహీనమైతే బరువుగా, వేగంగా తిరుగుతుంది. ఇట్టి జంటలు మరికొన్ని దొరికితే ఈ సంబంధం ఉన్నదీ లేనిదీ తేలుతుంది. ఒక్క ఘట్టంతో తీర్పు చెప్పరాదు.

జంటల వల్ల నక్షత్రం చెదరిపోతుందన్న సిద్ధాంతం ఇందువల్ల కూలలేదు. దానికి తోడుగా పెట్టుకున్న ఒక ఊహ మాత్రమే సందేహంలో పడినది. ఉపాధ్యాయులు తరగతిలో “60 నుండి 130” అన్న అంకెలు చెప్పేటప్పుడు, అవి ఏ ఊహ మీద నిలిచినవో కూడ చెప్పాలి. అప్పుడు విద్యార్థికి “నిషిద్ధం” అన్న మాట ఎంతవరకు చెల్లుతుందో తెలుస్తుంది.