ఆరుగురూ వింటూ వాయించిన పాట

ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్ గిటారిస్టు డువేన్ ఆల్‌మన్ ఉంగరపు వేలికి తొడుక్కుని గిటార్ మీద నడిపిన ఆ గాజు సీసాలో మొదట ఉన్నవి జలుబు మాత్రలు. గుర్రం మీంచి పడి డువేన్ మోచేతికి దెబ్బ తగిలింది. దానికి కారణం తమ్ముడేనని కోపం. పుట్టినరోజు నాడు తమ్ముడు గ్రెగ్ ఆ మాత్రల సీసాను, తాజ్ మహల్ అనే బ్లూస్ గాయకుడి మొదటి రికార్డును గుమ్మంలో పెట్టి, తలుపు తట్టి వెళ్లిపోయాడట. కాసేపటికి రమ్మని అన్న నుంచి ఫోన్ వచ్చింది. వెళ్లి చూస్తే మాత్రలు బల్ల మీద ఉన్నాయి, సీసా డువేన్ వేలికి ఉంది. రికార్డులోని ‘స్టేట్స్‌బరో బ్లూస్’ వాయిస్తున్నాడు. గ్రెగ్ స్వయంగా చెప్పిన సంగతి ఇది. ఆ పాట జార్జియా గాయకుడు బ్లైండ్ విల్లీ మెక్‌టెల్ 1928లో రికార్డు చేసినది. నలభై ఏళ్ల తర్వాత ఒక రికార్డు, ఒక మందుసీసా దాన్ని డువేన్ చేతికి అందించాయి.

ఇలా సీసాను తీగల మీద జార్చి వాయించడమే స్లైడ్. పట్టి చూసినవాళ్లకే అందులోని కష్టం తెలుస్తుంది. మామూలుగా గిటార్ వాయించేటప్పుడు తీగను మెట్టుకు కాస్త వెనగ్గా నొక్కితే చాలు, శ్రుతి సంగతి మెట్టే చూసుకుంటుంది. సీసాతో ఆ ఆసరా పోతుంది. గాజు తీగకు ఆనీ ఆనకుండా, సరిగ్గా మెట్టు గీత మీదే నిలవాలి. వెంట్రుకవాసి పక్కకు జరిగినా అపస్వరమే. ఇక సీసా వెనక మిగిలిన తీగ గోల చేస్తుంది. చూపుడువేలూ మధ్యవేలూ అక్కడ ఆనించి దాన్ని అణచాలి. స్లైడ్ సాధన చేసేటప్పుడు నా సమయమంతా ఆ అణచడంలోనే పోతుంది. డువేన్ కుడిచేతి ప్లెక్ట్రమ్ (మీటే బిళ్ల) వదిలేసి వేళ్లతోనే మీటేవాడు. అక్కరలేని తీగను ఎప్పటికప్పుడు ఆపడానికి అదే వీలు. ఆయన స్వరం అంత శుభ్రంగా, మనిషి గొంతులా వినిపించడానికి సగం కారణం ఆయన మోగనివ్వని తీగలే.

ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్ గొప్పతనమంతా డువేన్ వేళ్లలోనే ఉందనేవాళ్లతో నేను ఏకీభవించను. 1969 మార్చిలో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో కలిసిన ఆరుగురి కూర్పే విచిత్రం. డువేన్‌తో సమానంగా వాయించగల రెండో గిటారిస్టు డికీ బెట్స్. బాస్ మీద బెరీ ఓక్లీ. పాటకూ ఆర్గన్‌కూ గ్రెగ్. డ్రమ్స్‌కు బుచ్ ట్రక్స్, జైమో అని ఇద్దరు. జైమో నల్లజాతివాడు. అమెరికా దక్షిణాదిలో, ఆ రోజుల్లో, ఇలా నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఉన్న బ్యాండు ఊరూరా తిరిగి కలిసి వాయించడం చిన్న విషయం కాదు. జైమో తనతో తెచ్చిన మైల్స్ డేవిస్, జాన్ కోల్ట్రేన్ జాజ్ రికార్డులు మిగతావాళ్లు తనివితీరా విన్నారు. ఒక స్వరవరస పట్టుకుని దాని చుట్టూ చాలాసేపు మనోధర్మంతో వాయించడం వాళ్లకు అక్కడే అబ్బింది.

జార్జియాలోని మేకన్‌లో మకాం పెట్టాక వాళ్లకు సాధన తప్ప వేరే లోకం లేదు. 1970లో దాదాపు 300 రాత్రులు కచేరీలు చేశారు. ‘విప్పింగ్ పోస్ట్’ మొదట్లో వచ్చే బాస్ వరస చేత్తో తాళం వేసుకుంటూ వినండి: మూడు, మూడు, మూడు, రెండు. మొత్తం పదకొండు. ఆ పాట కట్టిన గ్రెగ్‌కు ఈ లెక్క తెలియదు. అర్ధరాత్రి ఆలోచన తట్టి, కాగితం దొరక్క, కాల్చిన అగ్గిపుల్లల మసితో ఇస్త్రీబల్ల గుడ్డ మీద రాసుకున్నాడు. పదకొండు సంగతి తర్వాత డువేనే చెప్పాడు. ఆ పదకొండు మీద ఆరుగురూ తడబడకుండా నిలవాలంటే ఎవరి లెక్క వాళ్లు వేసుకుంటే చాలదు, పక్కవాడిని వినాలి.

1971 మార్చిలో న్యూయార్క్‌లోని ఫిల్‌మోర్ ఈస్ట్ హాల్లో చేసిన రికార్డింగులో నాకు బాగా నచ్చేది కచేరీ అయ్యాక జరిగిన పని. నిర్మాత టామ్ డౌడ్‌తో కలిసి స్టూడియోకు వెళ్లి, అప్పుడే వాయించిన టేపులు వినేవాళ్లు. ఏది కుదిరింది, రేపు ఏది మళ్లీ వాయించాలి అని అక్కడే తేల్చుకునేవాళ్లు. చప్పట్ల మోత ఇంకా చెవుల్లో ఉండగానే తమ పాట తామే పరాయివాళ్లలా వినగలగడం ఎంత కష్టమో కచేరీ చేసిన వాళ్లెవరైనా చెబుతారు. అలా వచ్చిన జంట రికార్డులో ఏడే పాటలు. ‘విప్పింగ్ పోస్ట్’ ఒక్కటే 23 నిమిషాలు.

ఆ రికార్డు అమ్మకాల్లో గోల్డ్ స్థాయి అందుకున్న నాలుగు రోజులకే, 1971 అక్టోబరు 29న, మేకన్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో డువేన్ పోయాడు. వయసు 24. మరుసటి ఏడాది నవంబరులో, ఆ చోటుకు కొద్ది దూరంలోనే, అదే రకం ప్రమాదంలో బెరీ ఓక్లీ పోయాడు. అతనికీ 24 ఏళ్లే. డువేన్ స్థానంలో మరో గిటారిస్టును తేకుండా బ్యాండు పియానో వాద్యకారుడు చక్ లెవెల్‌ను తీసుకుంది. వాళ్ల చెవి ఎంత నిజాయితీ గలదో చెప్పే నిర్ణయం ఇది. ఆ తర్వాత గొడవలు, విడిపోవడాలు, మళ్లీ కలవడాలు. చివర్లో బుచ్ సోదరుడి కొడుకు డెరెక్ ట్రక్స్ బ్యాండులో స్లైడ్ పట్టాడు. సరోద్ విద్వాంసుడు అలీ అక్బర్ ఖాన్‌ను శ్రద్ధగా విన్నవాడు. అతని జారుల్లో అది వినిపిస్తూనే ఉంటుంది. బ్యాండు ఆఖరి కచేరీ 2014 అక్టోబరు 28 రాత్రి మొదలై అర్ధరాత్రి దాటాక, అంటే డువేన్ వర్ధంతి నాడు, ముగిసింది.

కొత్తగా వినేవాళ్లు ఫిల్‌మోర్ రికార్డులోని ‘ఇన్ మెమరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్’తో మొదలుపెట్టండి. పాట బెట్స్‌ది. పేరు మేకన్ శ్మశానంలోని ఒక సమాధిరాయి మీదిది. మొదట బెట్స్ వాయిస్తాడు, తర్వాత గ్రెగ్ ఆర్గన్, ఆ తర్వాతే డువేన్. మొదటిసారి గిటార్ల కోసం వినండి. రెండోసారి వాటిని వదిలేసి, డువేన్ వాయిస్తున్నంతసేపూ డ్రమ్స్ మీద ఆ ఇద్దరూ ఏం చేస్తున్నారో వినండి. బుచ్ బండిని ముందుకు తోస్తుంటాడు. జైమో మధ్యమధ్య చిన్న దెబ్బలతో డువేన్‌కు జవాబిస్తుంటాడు.