తొలి ప్యాచ్‌కు పీట వేసే విద్య

రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష కంపైలర్‌లో చిన్న లోపం ఒకటి బయటపడిందనుకుందాం. ఆ భాష రూపకర్తల్లో ముఖ్యుడైన నికో మాట్సాకిస్ అంతటివాడు కూర్చుంటే అరగంటలో సరిచేసేస్తాడు. చాలాసార్లు ఆయన ఆ పని చేయడు. ఏ ఫైలు తెరవాలో, అందులో ఏ ఫంక్షన్ దగ్గర ఆగాలో, అక్కడే ఎందుకు ఆగాలో, మార్చాక ఏ టెస్టు నడిపి చూసుకోవాలో వరసగా రాసిపెడతాడు. దానికి ‘ఈ-మెంటార్’ అన్న లేబుల్ తగిలించి వదిలేస్తాడు. సరిచేయడం కన్నా రాయడానికే ఎక్కువ సమయం పడుతుంది. ఎక్కడో ఒక ఊళ్లో, ఆ కోడ్‌ను ఎన్నడూ ముట్టనివాళ్లు ఆ సూచనలు పట్టుకుని తమ తొలి ప్యాచ్ పంపుతారు. లోపం పోతుంది, ప్రాజెక్టుకు ఒక మనిషి దొరుకుతాడు. ఓపెన్ సోర్స్ లోకంలో నేను చూసిన పనితనాల్లో దీన్ని మించింది లేదు.

రస్ట్ వాళ్లు దీన్ని ఒక్కరి మంచితనానికి వదిలేయలేదు. 2017 చివరి నెలల్లో కొత్త ప్రతిపాదనల చర్చ ఆపేసి, చిన్న చిన్న బృందాలుగా విడిపోయి, ఎవరొచ్చినా పని నేర్పిస్తామని పిలిచారు. ‘దిస్ వీక్ ఇన్ రస్ట్’ అనే వారపత్రికలో కొత్తవాళ్లు చేయగల పనులు అచ్చవుతుంటాయి. ఒక్క అక్షరదోషం దిద్దినవాళ్ల పేరు కూడా కృతజ్ఞతల పేజీకి ఎక్కుతుంది. ఇక ఆ కంపైలర్ మాట్లాడే తీరు! ఎస్తెబాన్ కూబర్, ఆయన తోటివాళ్లు ఏళ్లతరబడి దాని ఎర్రర్ సందేశాలు చెక్కారు. ఏ వరస దగ్గర తేడా వచ్చిందో, కంపైలర్ ఏం ఆశించిందో, బదులుగా ఏం రాసి చూడొచ్చో అది చెబుతుంది. అర్థం కాని సందేశాన్ని వాళ్లు లోపంగానే లెక్కగట్టి దిద్దుతారు. 2021 నవంబరులో రస్ట్ మోడరేషన్ బృందం, కోర్ బృందానికి జవాబుదారీతనం లేదంటూ మూకుమ్మడిగా రాజీనామా చేసింది. ఆ మచ్చ ఉంది, కాదనను. అయినా కొత్తవాడిని కూర్చోబెట్టి నేర్పడంలో రస్ట్ తర్వాతే ఎవరైనా అని నేను ఎవరితోనైనా వాదిస్తాను.

వచ్చిన ప్యాచ్‌ను పరిశీలించే రివ్యూలో చెయ్యి తిరిగినవాళ్లను గుర్తుపట్టడం సులువు. వాళ్లు మనిషిని ఒక్క మాట అనరు, మాటంతా కోడ్ గురించే. ‘ఇదేం పని’ అనే బదులు, జాబితా ఖాళీగా వస్తే ఈ లూపు ఏం చేస్తుందని అడుగుతారు. తప్పక మార్చాల్సిందేదో, ఇష్టమైతే మార్చుకోదగ్గదేదో విడదీసి చెబుతారు. రెండో రకం వ్యాఖ్యకు ముందు ‘నిట్’ అని పెడతారు. ఇరవై నిట్‌లు కనిపించినా మూడే రాసి, మిగతావి తామే దిద్దుకుంటారు. ప్యాచ్ పనికిరాకపోతే నెలల తరబడి నానబెట్టరు; ఎందుకు వద్దో వెంటనే చెప్పేస్తారు. అసలు సంస్కారం పేరు దగ్గర బయటపడుతుంది. కొత్తవాడి ప్యాచ్‌ను సగం తిరగరాయాల్సి వచ్చినా గిట్‌లో రచయితగా అతని పేరే ఉంచుతారు. లోపం చూపించినవాళ్లకు, ఉపాయం చెప్పినవాళ్లకు, కలిసి రాసినవాళ్లకు లినక్స్ కెర్నల్‌లో వేర్వేరు వరసలే ఉన్నాయి: ‘రిపోర్టెడ్-బై’, ‘సజెస్టెడ్-బై’, ‘కో-డెవలప్డ్-బై’.

సందేశాలు చేరవేసే జీరోఎంక్యూ లైబ్రరీకి పెద్ద, 2016లో చనిపోయిన పీటర్ హింట్‌జెన్స్ ఇంకో అడుగు ముందుకేశాడు. ప్యాచ్ ఒక నిజమైన సమస్యను పరిష్కరిస్తే చాలు, ముందు కలిపేసుకో, తప్పులుంటే తర్వాతి ప్యాచ్‌తో దిద్దుకోవచ్చన్నాడు. ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో అలా చేస్తే కొంప మునుగుతుంది. కానీ తన కోడ్ లోపలికి వెళ్లడం చూసిన కొత్తవాడు రెండో ప్యాచ్ కూడా తెస్తాడని ఆయన పట్టుకున్నాడు, అది గొప్ప చూపు.

కెర్నల్ సంగతి వేరు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఆ ప్రాజెక్టు చాలా ఏళ్లు తిట్లకు పేరుమోసింది. కటువుగా ఉంటేనే కోడ్ నాణ్యంగా ఉంటుందనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2018 సెప్టెంబరులో లినసే బహిరంగంగా క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నాక కూడా ఆ మాట పట్టుకుని వేలాడటం నాకు మింగుడుపడదు. ఆ కటువు రోజుల్లోనే కెర్నల్ నిర్వాహకుల్లో ఒకడైన గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ‘స్టేజింగ్’ అనే విభాగాన్ని నిలబెట్టాడు. ఇంకా పక్వం కాని డ్రైవర్లు అక్కడ ఉంటాయి, ఏమేం బాగుచేయాలో పక్కనే ఫైల్లో రాసి ఉంటుంది, కొత్తవాళ్లు అక్కడ చెయ్యి సవరించుకుంటారు. పారిస్‌లో ఇన్రియా పరిశోధకురాలు జూలియా లావాల్‌ను తలచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. కెర్నల్ మొత్తం గాలించి ఒకే రకం తప్పును వందల చోట్ల దిద్దగల కొక్సినెల్ సాధనం ఆవిడ బృందానిది. అంతటి ఆవిడ ‘అవుట్రీచీ’ అనే ఇంటర్న్‌షిప్ కార్యక్రమం అభ్యర్థులు పంపిన ప్యాచుల్లో ఖాళీలు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తూ, పలక మీద అక్షరాలు దిద్దించినంత ఓపికగా జవాబులు రాసింది.

అవుట్రీచీ పుట్టుక చెప్పి తీరాలి. 2006లో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కోసం గ్నోమ్ డెస్క్‌టాప్ ప్రాజెక్టుకు 181 దరఖాస్తులు వస్తే, అందులో మహిళలది ఒక్కటీ లేదు. గ్నోమ్ వాళ్లు మహిళలను విడిగా పిలిచి చూశారు; ప్రత్యేకంగా పిలిస్తే వస్తారని అప్పుడే తేలింది. 2010లో మరీనా జురఖిన్స్కాయా ఆ పిలుపును మళ్లీ లేపింది. ఎంపికకు ముందే ప్రతి అభ్యర్థీ ఒక చిన్న మార్పు చేసి పంపాలి, దానికి మెంటార్ దగ్గరుండి దారి చూపాలి. ఎంపిక కానివాళ్లు కూడా ఏదో ఒకటి నేర్చుకునే వెళ్తారు. మరీనా 2022లో కన్నుమూసింది.

ఇప్పుడు ఈ విద్యకు పట్టిన తెగులు చూస్తే కడుపు మండుతుంది. కంట్రిబ్యూటర్ కవెనెంట్ అనే ప్రవర్తనా నియమావళి నమూనాను యథాతథంగా అతికించి, ఫిర్యాదు ఎవరికి పంపాలో రాయాల్సిన ఖాళీ కూడా నింపని ప్రాజెక్టులున్నాయి. బాట్ స్వాగతం పలుకుతుంది, ఆ తర్వాత ఒక్క మనిషీ పలకడు, కొన్ని వారాలకు ఇంకో బాట్ వచ్చి ‘కదలిక లేదు’ అని మూసేస్తుంది. ఇదా మర్యాద? గ్రెగ్ దగ్గరా బాట్ ఉంది; అది ప్యాచ్‌లో ఏ నియమం తప్పిందో చెప్పి, ఏం చదవాలో చూపిస్తుంది. తేడా అక్కడుంది.

వచ్చేవాళ్ల పాపమూ తక్కువ కాదు. ప్యాచులు పంపినవాళ్లకు టీషర్టు ఇచ్చే హాక్టోబర్‌ఫెస్ట్‌లో 2020లో ఆ టీషర్టు కోసం రీడ్‌మీ ఫైళ్లలో ఒక పొగడ్త మాట చేర్చి వేలకు వేలు పంపారు. నిర్వాహకులు కొద్దిరోజుల్లోనే నియమాలు మార్చాల్సి వచ్చింది. 2024లో ఒక వీడియో పాఠం చూసినవాళ్లు ఎక్స్‌ప్రెస్ ప్రాజెక్టు రీడ్‌మీలో తమ పేర్లు చేర్చమని దండెత్తారు. డేటా బదిలీ సాధనం కర్ల్‌ను పెంచి పోషించిన డేనియల్ స్టెన్‌బర్గ్, ఏఐ అల్లిన దొంగ లోపాల రిపోర్టులతో విసిగి, లోపాలు పట్టినవాళ్లకు 2019 నుంచి ఇస్తున్న బహుమతి పథకాన్నే 2026 జనవరి చివర్లో ఎత్తేశాడు. ఓపిక ఉన్నవాడి ఓపికను ఇలా తోడేస్తే, రేపు నిజంగా నేర్చుకోవడానికి వచ్చిన పిల్లకు జవాబు ఎవరిస్తారు?

దురుసుతనం ఆయుధంగా మారడమూ చూశాం. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ ప్రాజెక్టును ఒంటరిగా మోస్తున్న లాసె కోలిన్‌ను 2022లో ముక్కూమొహం తెలియని పేర్లు ఆలస్యమవుతోందని సతాయించాయి. తన మానసిక ఆరోగ్యం బాగాలేదని ఆయన చెప్పుకున్నా వదల్లేదు. ఆ ఒత్తిడిలో సాయం చేస్తానని దగ్గరైనవాడే దొంగదారి పెట్టాడు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ దాన్ని బయటపెట్టకపోతే ఎన్ని సర్వర్లు గుల్లయ్యేవో!

హైదరాబాద్‌లో ‘స్వేచ్ఛ’ కార్యకర్తలు ఇంజనీరింగ్ కాలేజీల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి చెబుతూనే ఉన్నారు. ఆ పిల్లలకు నా విన్నపం ఒకటే: రెజ్యూమేలో చూపించుకునే గిట్‌హబ్ పచ్చగళ్ల కోసం వెళ్లకండి. మీరు రోజూ వాడే ప్రోగ్రాంలో మీకు తగిలిన ఇబ్బందితో మొదలుపెట్టండి, ప్యాచ్ పంపే ముందు ఆ ప్రాజెక్టు కంట్రిబ్యూటింగ్ ఫైలు చివరిదాకా చదవండి. మాదాపూర్ నుంచి కాలిఫోర్నియా దాకా ఈ కోడ్ మీదే జీతాలు తెచ్చుకుంటున్న సీనియర్లను అడుగుతున్నాను, మీకు తెలిసిన చిన్న లోపం ఒకదాన్ని ఈ నెల సరిచేయకుండా వదలండి. నికో మాదిరిగా సూచనలు రాసిపెట్టండి. కింద మీ పేరు పెట్టి, ప్యాచ్ వస్తే ఎన్ని రోజుల్లో చూస్తారో కూడా రాయండి. ఆ గడువు తప్పకండి.