‘పాలేరు’: నా పాత తీర్మానం

బోయి భీమన్న ‘పాలేరు’ నాటకం మీద ఎం.ఏ. సెమినారులో నేనొక వ్యాసం చదివాను. దళిత పాలేరు చదువుకొని అధికారి కావడం వ్యక్తి ఎదుగుదలేగాని వర్గ విముక్తి కాదని నా తీర్మానం. చప్పట్లు బాగానే పడ్డాయి. ఆ తీర్మానం తప్పని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. నాటకానికి పరిమితి లేదని కాదు. నేను చూపిన చోట లేదు.

1911లో మామిడికుదురులో పుట్టిన భీమన్నకు డెల్టా సేద్యం పుస్తకాల్లో తెలిసింది కాదు. ధవళేశ్వరం ఆనకట్ట నీటితో కోనసీమ మాగాణి పండింది. ఆ పంట వెనక ఏడాదికింత ధాన్యమని కుదిరిన పాలేరు ఉన్నాడు. అలాంటి చోట కుర్రవాడు పశువుల పాక వదిలి బడికి పోతే ఆసామికి ఒక పనివాడు తప్పిపోయినట్టే. పలక పట్టడమే ఉత్పత్తి సంబంధాల మీద తిరుగుబాటు. దాన్ని వ్యక్తివాదమని కొట్టిపారేయడానికి నావంటి చదువరి కావలసివచ్చాడు!

అసలు పేచీ ఆ తరువాత. నాటకం బలమంతా చదువు మీద నమ్మకం కలిగించడంలో ఖర్చయింది. చదువుల కొలువులో ఎవరు దొర అన్న ప్రశ్న పక్కకు పోయింది. రాజమండ్రి కవి కుసుమ ధర్మన్న అంతకు ముందే, గరిమెళ్ల పాటకు ఎదురుగా ‘మాకొద్దీ నల్లదొరతనము’ కట్టి, తెల్లవాడు పోతే పీట ఎక్కేదెవరని నిలదీశాడు. భీమన్నను ధర్మన్న పక్కన పెట్టి చదవాలి. మన పాఠ్యక్రమాలు ఆ పని చేయవు.

ఉన్నత విద్యాసంస్థల్లో కులవివక్షను నిషేధిస్తూ యు.జి.సి. 2012లో నిబంధనలు చేసింది. 2016 జనవరిలో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, హాస్టలు నుండి వెళ్ళగొట్టబడ్డ అంబేద్కర్ విద్యార్థి సంఘం పరిశోధకులు అయిదుగురు ఆరుబయట డేరా వేసుకున్నారు. దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. వారిలో రోహిత్ వేముల 17న ప్రాణం తీసుకున్నాడు. ఊరి చివర వదిలి వచ్చామనుకున్న మాట విశ్వవిద్యాలయం నడిబొడ్డున మళ్ళీ పుట్టింది. ఈ ఒక్క మాటకున్న వాస్తవికత మన కథల్లోని కాలేజీలకు ఎందుకు లేదు? గైడు గది, హాస్టలు మెస్సు, వైవా బల్ల - ఇవి ఇతివృత్తాలుగా మనకెందుకు ఆనవు?

ఆనాటి సెమినారులో వెనక వరుసలో ఒకతను చప్పట్లు కొట్టలేదు. “మా తాత పాలేరే. నేను గైడు కోసం వెళితే ముందు మీదే పేట అని అడిగారు. అది మీ వ్యాసంలో ఎక్కడుందండీ?” అన్నాడు.

అది విషయానికి సంబంధించింది కాదన్నాను.