కాలయంత్రంలో ఆడవాళ్ళ సీటు

ఆర్టీసీ బస్సులో ముందు వరుసల పైన ‘స్త్రీలు’ అని రాసి ఉంటుంది. ఆ సీట్లు మనకు దొరుకుతాయా, దొరకవా అన్నది వేరే సంగతి. రాసి అయితే ఉంటుంది కదా! సైన్సు కథలన్నా, నేర పరిశోధన కథలన్నా నాకు చెడ్డ ఇష్టం. రెండూ కలిసినవి దొరికితే ఇంట్లో కుక్కరు ఎన్ని కూతలు కూసిందో కూడా లెక్కపెట్టను. అయితే ఇవన్నీ చూస్తున్నప్పుడల్లా నాకో సందేహం పీడిస్తూ ఉంటుంది. ఈ కాలయంత్రాలున్నాయే, వీటిలో మనకు సీటుందా? ఉంటే ఎక్కడ? కిటికీ పక్కనా, ఇంజను మీదా?

నవ్వకండి. విషయం నవ్వులాటది కాదు.

కాలయాత్ర అనగానే ఇంగ్లీషువాళ్ళ సరుకని అనుకుంటాం గానీ, మన పురాణాల్లోనే ఉంది. కకుద్మి అనే మహారాజు తన కూతురు రేవతికి తగిన వరుణ్ణి చెప్పమని పిల్లను వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళ్ళాడు. అక్కడ గానం జరుగుతోందిట. మధ్యలో మాట్లాడితే మర్యాద కాదని కాసేపు ఆగాడు. పాట అయ్యాక తన మనసులో ఉన్న సంబంధాలు చెప్పబోతే బ్రహ్మదేవుడు నవ్వి, ఆ వరులే కాదు, వాళ్ళ మనవలు మునిమనవలు కూడా ఇప్పుడు లేరు నాయనా, భూమ్మీద 27 చతుర్యుగాలు గడిచిపోయాయి అన్నాడు. తిరిగొచ్చి, ద్వాపరంలో ఉన్న బలరాముడికి పిల్లనిచ్చి పెళ్ళి చేశాడు. పాతకాలపు పిల్ల కదా, మరీ పొడుగు. బలరాముడు నాగలితో నొక్కి తనకు సరిపడా పొట్టి చేసుకున్నాడని విష్ణుపురాణం చెబుతుంది.

ఈ కథ విన్న ప్రతిసారీ అందరూ బ్రహ్మగారి గడియారాన్ని చూసి ఆశ్చర్యపోతారు. నా మటుకు నాకు రేవతే గుర్తుకొస్తుంది. పొద్దున ఇంట్లోంచి బయలుదేరిన పిల్ల వెనక్కి వచ్చేసరికి తల్లి లేదు, నేస్తాలు లేరు, పెరిగిన ఊరు లేదు. ఆ పిల్ల ఏమనుకుందో ఒక్క మాట ఉండదు. కాలాన్ని దాటింది తనే, అయినా కథ మాత్రం తనది కాదు.

ఇంగ్లీషు కథలో మనకింతకన్నా మంచి మర్యాద జరిగిందా అంటే అదీ లేదు. హెచ్.జి.వెల్స్ 1895లో ‘ది టైమ్ మెషీన్’ రాశాడు. అందులో ఆ పెద్దమనిషి మీట నొక్కాక, కాలం పరుగు పెట్టిందని ఎలా తెలుసుకుంటాడో తెలుసా? మిసెస్ వాచెట్ అనే ఇంటి పనులు చూసే ఆవిడ గదిలోకి వచ్చి తోట తలుపు వైపు నడుస్తుంది. ఆవిడ మామూలుగానే నడిచింది, ఆయన కళ్ళకు మాత్రం తారాజువ్వలా దూసుకుపోయినట్టు కనిపించింది. ఆయన తిరిగి వచ్చేటప్పుడు అదే ఆవిడ వెనక్కి వెనక్కి నడుస్తూ కనబడుతుంది. ఆయన్ను ఆవిడ చూడనే లేదు! లోకంలో పేరుమోసిన కాలయంత్రానికి మొదటి గడియారం, పని చేసుకుంటూ గది దాటిన ఒక ఆడమనిషి. ఆ సంగతి ఆవిడకే తెలియదు. 8,02,701వ సంవత్సరంలో వీనా అనే ఇంకో చిన్నది కనబడుతుంది గానీ, పాపం, ఆమె గుర్తుగా ఆయన జేబులో మిగిలేవి రెండు వాడిన తెల్లపూలు.

ఇక మన తెలుగులోకి వద్దాం. సైన్సునూ నేరాన్నీ మనవాళ్ళ నోటికి రుచిగా కలిపి వండినవాడు సింగీతం శ్రీనివాసరావుగారు. 1991లో వచ్చిన ‘ఆదిత్య 369’ని టీవీలో ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. కథంతా ఒక వజ్రం దొంగతనం చుట్టూ తిరుగుతుంది. మ్యూజియంలో దొంగలను చూసిన పిల్లవాడు కిశోర్, వాణ్ణి కాపాడే కృష్ణకుమార్, ప్రొఫెసర్ రామదాసు తయారుచేసిన యంత్రం, ఆయన కూతురు హేమ, వీళ్ళ వెంట పడే రాజావర్మ. యంత్రం వాళ్ళను 1526కీ, అక్కణ్ణుంచి 2504కీ తీసుకుపోతుంది.

పాత్రలకు మనుషులను ఎంచడంలో సింగీతంగారి గడుసుతనం చూడండి. శాస్త్రజ్ఞుడు టీనూ ఆనంద్, విలన్ అమ్రీష్ పురీ. ఇద్దరూ బొంబాయి నుంచి దిగుమతి. మేధావీ దుర్మార్గుడూ పరాయి ఊరి నుంచి వస్తే మనకు చప్పున నమ్మకం కుదురుతుందని కాబోలు! అయినా ప్రొఫెసరు మనవాడిలా అనిపిస్తాడంటే, ఆకారం బొంబాయిదైనా గొంతు మన బాలసుబ్రహ్మణ్యంగారిది కాబట్టి. కృష్ణకుమారూ, కృష్ణదేవరాయలూ ఇద్దరూ బాలకృష్ణే. తెనాలి రామకృష్ణుడు చంద్రమోహన్. వీళ్ళతోపాటు కానిస్టేబుల్‌గా సుత్తివేలు. రాయల కాలానికి పోలీసుశాఖ ప్రతినిధిగా వెళ్ళిన ఏకైక ఉద్యోగి ఆయనే అనుకుంటాను. జంధ్యాలగారి మాటలు ఉండనే ఉన్నాయి. ఇంట్లో చిన్నాపెద్దా కలిసి నవ్వుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మా అనంతపురం వైపు వాళ్ళకు ఈ సినిమా ఇంకో వీసం దగ్గర. పెనుకొండలో గగన్‌మహల్ ముందు నిలబడితే రాయలు మనకు సినిమా మనిషిలా అనిపించడు, వేసవి గడపడానికి వచ్చిన బంధువులా అనిపిస్తాడు. చిత్రమేమంటే, తెర మీద రాయలైన నటుడే 2014లో ఆ పక్కనే ఉన్న హిందూపురం నుంచి శాసనసభకు గెలిచారు, 2019లోనూ 2024లోనూ మళ్ళీ గెలిచారు. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండయింది. పెనుకొండా హిందూపురమూ శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్ళాయి. పీఠభూమి మాత్రం ఒకటే, కరువూ ఒకటే.

ఇంత మంచి సినిమాలో హేమ సంగతేమిటి? మోహిని చూడముచ్చటగా ఉంది. రేవతిలా తండ్రి చెయ్యి పట్టుకుని వెళ్ళలేదు, మిసెస్ వాచెట్‌లా గది దాటిపోలేదు. యంత్రంలో కూర్చుంది. సీటు దొరికింది! స్టీరింగు మాత్రం దొరకలేదు. యంత్రం కట్టింది తన తండ్రి, ఎక్కింది తను. అయినా 1526లోనైనా 2504లోనైనా ఏం చెయ్యాలో తేల్చే పని కృష్ణకుమార్‌దే. ఆ కాలంలో మనకు బాగా గుర్తుండిపోయే ఆడమనిషి రాజనర్తకి సింహనందిని. సిల్క్ స్మితకు మన సినిమాలు ఒక పాట, నాలుగు చూపులు మించి ఇచ్చింది తక్కువ. ఇక్కడ అహంకారమూ ఆత్మాభిమానమూ ఉన్న మనిషిని ఇచ్చారు, ఆవిడ దాన్ని నిలబెట్టింది.

కానీ ఆ 1526లో ఆడవాళ్ళంటే నాట్యకత్తెలేనా? రాయలు పోయిన కొన్నేళ్ళకు విజయనగరంలో ఉన్న నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు రాసిపెట్టిన వివరాలు చూస్తే కళ్ళు తిరుగుతాయి. రాజు నగరులో కుస్తీ పట్టే స్త్రీలున్నారట. జ్యోతిషం చెప్పేవాళ్ళున్నారట. లోపలి ఖర్చులన్నీ లెక్క రాసేవాళ్ళు స్త్రీలేనట. రాజ్య వ్యవహారాలు రాసి, బయటి రాయసగాళ్ళ పుస్తకాలతో సరిపోల్చి చూసేవాళ్ళు కూడా స్త్రీలేనట! కాలయంత్రం ఎక్కి అంత దూరం వెళ్ళి, లెక్కల పుస్తకం పట్టుకున్న ఒక్క ఆడమనిషినైనా హేమకు చూపించకుండా తీసుకొచ్చేశారే అన్నది నా బాధ. జరిగింది జరిగినట్టు రాసిపెట్టుకునేవాళ్ళ చేతిలోనే కదా కాలం ఉండేది!

ఆ లోటు తీర్చిన కథ 30 ఏళ్ళకు వచ్చింది. 2021 జూలై 16న ‘ఆహా’లో ‘కుడి ఎడమైతే’ అని 8 భాగాల సీరియల్ విడుదలైంది. పేరు చూడగానే 1953 నాటి ‘దేవదాసు’ పాట చెవిలో మోగుతుంది. తీసింది పవన్‌కుమార్, ‘లూసియా’, ‘యూ టర్న్’ల కన్నడ దర్శకుడు. మాకు హైదరాబాదు కన్నా బెంగుళూరు దగ్గర కాబట్టి ఆయన్ను పరాయివాడనుకోము. ఇదే సైన్సూ, ఇదే నేరమూ. కానీ యంత్రం లేదు, వజ్రం లేదు, రాజు లేడు.

ఉన్నది దుర్గ. సర్కిల్ ఇన్‌స్పెక్టరు. పిల్లలు మాయమవుతున్న కేసు ఆమె చేతిలో ఉంది. ఇంకొకడు ఆది, ఇంటింటికీ తిండి చేరవేసే డెలివరీ బాయ్, సినిమాల్లో వేషం కోసం కలలు కనేవాడు. రాత్రి ఒక ప్రమాదం. కళ్ళు తెరిస్తే మళ్ళీ అదే రోజు పొద్దున. జరిగిందంతా మళ్ళీ జరుగుతుంది. చుట్టూ ఉన్నవాళ్ళకు అది కొత్త రోజు. అది పాత రోజని తెలిసేది ఈ ఇద్దరికే. దీన్ని టైమ్ లూప్ అంటారట. మన మాటలో చెప్పుకుంటే గానుగెద్దు తిరుగుడు.

దుర్గగా అమలాపాల్‌ను ఎంచడం తెలివైన పని. మనం ఆమెను పాటల్లో, పువ్వుల మధ్య చూడ్డానికి అలవాటు పడ్డాం. ఇక్కడ ఖాకీ దుస్తుల్లో, నిద్రలేని కళ్ళతో, ఎవరితోనూ చెప్పుకోలేని బరువుతో తిరుగుతుంది. ఏడవదు, అరవదు. అలసట ఒక్కటే నటించింది, అదీ బాగా నటించింది. ఆదిగా రాహుల్ విజయ్. చాలామందికి తెలియని ముఖం కావడమే ఇక్కడ లాభం. రోజూ మన గుమ్మం ముందు సంచి పట్టుకుని నిలబడే కుర్రాడిలాగే ఉన్నాడు. మామూలు రోజుల్లో ఈ ఇద్దరూ ఎదురుపడితే ఆమె జీపు దిగదు, అతను ‘మేడం’ అని పక్కకు తప్పుకుంటాడు. ఇప్పుడు ఆ రోజు గుర్తున్న తోడు ఒకరికొకరే. హోదాలు కరిగి, ఒకరి జ్ఞాపకానికి ఇంకొకరు సాక్షి కావడం – ఈ సీరియల్‌లో నాకు నచ్చిన సైన్సు అదే.

ఇలాంటి కథల్లో అమెరికావాళ్ళ ‘గ్రౌండ్‌హాగ్ డే’ చాలా ప్రసిద్ధి. 1993లో వచ్చింది. అందులో ఒకే రోజులో ఇరుక్కున్నవాడు వానల కబుర్లు చెప్పే టీవీ ఉద్యోగి. మా జిల్లాలో ఆ ఉద్యోగానికి అంత గౌరవం లేదు లెండి! అతనికి ప్రతి రోజూ గుర్తుంటుంది. అతను ప్రేమించే రీటాకు ఏమీ గుర్తుండదు. ఆమె ఇష్టాయిష్టాలు ఇవాళ తెలుసుకుని రేపు వాడుకోవడానికి చూస్తాడు. చివరకు మంచివాడయ్యాడనుకోండి. కానీ జ్ఞాపకమంతా ఒకరి దగ్గరే ఉంటే రెండోవాళ్ళు ఎంత అమాయకంగా నిలబడాల్సి వస్తుందో చూశారా? దుర్గకు ఆ అవస్థ లేదు. ఈ కథలో ఆడదానికి సీటుతోపాటు జ్ఞాపకం కూడా దొరికింది.

ఈ సీరియల్ వచ్చింది కరోనా రెండో విడత తగ్గుతున్న రోజుల్లో. అందరూ ఇళ్ళల్లో పడి, రోజుకీ రోజుకీ తేడా లేదని వాపోతున్న కాలం. మా పక్కింటి అక్క రెండు భాగాలు చూసి, “ఇందులో యింతేముందమ్మా? పొద్దున లేస్తే అదే పొయ్యి, అదే బిందె. వాళ్ళకు యాక్సిడెంటయితే గానీ తెలీలేదు, మనకు పెండ్లయినప్పట్నుంచీ ఇంతే గదా” అనేసింది. ఎనిమిది భాగాల విమర్శ ఆవిడ ఒక్క ముక్కలో ముగించింది.

అయినా అక్క మాటకు నేనొకటి కలపాలి. రోజు తిరిగి రావడం ఒక్కటే అయితే అది శిక్ష. గుర్తుండి, గుర్తున్నదాన్ని బట్టి ఒక్కటైనా మార్చగలిగితే అది బతుకు. మా పీఠభూమి సంగతే చూడండి. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే సగం బరువు దించుకుంటాయి. ఈశాన్యపు వాన తూర్పు తీరంలోనే అలిసిపోతుంది. ఏడాది మొత్తానికి మా పాలబడేది 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అయినా ఏటా అదే ఆకాశం కేసి చూపు, అదే శనక్కాయ విత్తనం, అదే ఆశ. ఇది గానుగెద్దు తిరుగుడు కాక ఏమిటి? కానీ ఎద్దుకూ మనిషికీ తేడా ఉంది. మా అత్తగారు ఏ కరువు ఏ ఏడు వచ్చిందో పిల్లల పురుళ్ళతో కలిపి చెప్పేవారు. పెద్దాడు కడుపులో ఉన్నప్పుడు బావి ఎప్పుడు అడుగంటిందో, చిన్నదాని పురిటికి గింజలు ఎన్నాళ్ళు వచ్చాయో, అన్నీ ఆవిడ నాలుక మీద ఉండేవి. ఆ లెక్కను బట్టే ఈ ఏడు మూటలో ఎన్ని దాచాలో తేల్చేవారు. నూనిజ్ చూసిన లెక్కల పుస్తకం ఎక్కడికీ పోలేదు, కాగితం మీది నుంచి నోట్లోకి మారిందంతే.

అందుకే దుర్గ నాకు నచ్చింది. తుపాకీ ఉన్నందుకు కాదు, నిన్నటి తప్పిపోయిన నిమిషాన్ని ఇవాళ గుర్తుపెట్టుకుని అక్కడికి ముందే వెళ్ళి నిలబడుతుంది కనక.

ఒక ఫిర్యాదు మాత్రం ఉంది. పిల్లలు పోయిన కథలో పిల్లలను కన్న తల్లులు ఏరీ? దుర్గకు అది పదేపదే వచ్చే రోజు. ఆ తల్లికి మాత్రం ప్రతిసారీ మొదటి రోజే. ప్రతి తిరుగుడులోనూ ఆమె గుండె కొత్తగా పగలాలి. నిన్న ఏడ్చానన్న ఊరట కూడా లేదు. దర్శకుడు ఆధారాల వెంట అంత చురుగ్గా పరిగెత్తాడు గానీ, ఆ గుమ్మం ముందు ఇంకాస్త సేపు ఆగి ఉంటే ఈ కథ మంచి సీరియల్ దగ్గర ఆగిపోకుండా మరిచిపోలేని సీరియల్ అయ్యేది. ముడి ఎలా వేశారు, ఎలా విప్పారు అన్నదాని మీద ఉన్న శ్రద్ధ, ముడిలో చిక్కుకున్నవాళ్ళ మీద అన్నిచోట్లా లేదు.

అయినా చూడండి. పిల్లలు పడుకున్నాక, మరునాటి పప్పు నానబెట్టుకుని, రోజుకో భాగం చొప్పున చూస్తే ఎనిమిది రాత్రులు సాఫీగా గడుస్తాయి. చూసి, ఆ తల్లుల్లో ఒకరికి కూడా ఆ రోజు గుర్తుండి ఉంటే ఏం చేసేదో మీలో మీరే ఊహించుకోండి. దుర్గ కన్నా ముందే ఆ తలుపు తట్టి ఉండేదని నా నమ్మకం. మీరేమంటారు?